జిబ్రాల్టర్ లోపలి అలలు: మోడల్‌లో వచ్చిన వరుసను నమ్మే ముందు

మీరు రెండు సంగతులు అడిగారు. రాడార్ కిరణం సముద్రపు నీటిలోకి దిగదు కదా, మరి లోతున, తేలిక నీటికీ బరువు నీటికీ మధ్య సరిహద్దున నడిచే లోపలి అల ఉపగ్రహ రాడార్ చిత్రంలో ఎలా పడుతుందన్నది మొదటిది. మీ కంప్యూటర్ మోడల్‌లో వచ్చిన అలల వరుస చిత్రంలోని వరుసను పోలి ఉంది కనుక మోడల్ సరైనదే అనుకోవచ్చునా అన్నది రెండవది. గుంటూరులో ఎం.టెక్. చదివేటప్పుడు నేనూ స్పెయిన్, మొరాకోల మధ్యనున్న జిబ్రాల్టర్ జలసంధి మీదే ప్రాజెక్టు చేశాను. రెండవ ప్రశ్న దగ్గర నాకు నాలుగు నెలలు వృథా అయ్యాయి కనుక దాని గురించే ఎక్కువ రాస్తాను.

ఆ జలసంధిలో పైన అట్లాంటిక్ నీరు తూర్పుకు, అడుగున ఉప్పు ఎక్కువైన మధ్యధరా నీరు పడమరకు పోతాయి. ఆటుపోట్ల ప్రవాహం పడమరకు బలంగా ఉన్నప్పుడు, సుమారు 290 మీటర్ల లోతున ఉన్న కమరినాల్ అనే సముద్రగర్భపు మిట్టను దాటిన చోట రెండు నీళ్ల సరిహద్దు కుంగి అక్కడే నిలిచి ఉంటుంది. ప్రవాహం మందగించగానే ఆ కుంగుడు విడిపడి జలసంధికి తూర్పున ఉన్న అల్బొరాన్ సముద్రం వైపు అలల వరుసగా సాగుతుంది. ఆ అల తన పైనున్న ఉపరితలపు నీటిని ఒకచోట దగ్గరకు నెట్టి, మరొకచోట విడదీస్తుంది. దగ్గరపడిన చోట సెంటీమీటర్ల పొడవుండే చిన్న అలలు పెరిగి నీరు గరుకెక్కుతుంది. రాడార్ చూసేది ఆ గరుకునే.

ఇది నాకు పుస్తకంలో కన్నా విజయవాడలో మా ఇంటి చేపల తొట్టెలో బాగా అర్థమైంది. అడుగున నీలి సిరా కలిపిన ఉప్పునీరు, దాని మీద గరిటె వెనుక భాగం మీదుగా మెల్లగా మంచినీరు పోసి, ఒక చివర రేకు అడ్డుపెట్టి ఆ వెనుక మంచినీటి పొరను మందంగా ఉంచాను. పైన చిటికెడు వరి ఊక చల్లి రేకు తీస్తే, నీలి సరిహద్దు కుంగుతూ తీరుబడిగా సాగింది. పైనీరు కదిలినట్టే లేదు, కానీ కుంగుడుకు కాస్త ముందు ఊక గీతలా పోగై, వెనుక పలచబడింది. చిత్రంలోనూ కుంగే అలకు ముందు తెల్లగీత, వెనుక నల్లగీత అందుకే వస్తాయి.

ఇక మోడల్ సంగతి. నాది హైడ్రోస్టాటిక్ మోడల్, అంటే నీటి నిలువు త్వరణాన్ని లెక్కలోకి తీసుకోనిది. గ్రిడ్, అంటే లెక్క కోసం సముద్రాన్ని విడగొట్టిన గడి, ఒక కిలోమీటరు. చక్కని వరుస వచ్చింది, అలల మధ్య దూరం కూడా చిత్రానికి దగ్గరగానే ఉంది, ఎంతో సంతోషించాను. మా గైడ్ గ్రిడ్‌ను సగం చేసి నడపమన్నారు. అలల మధ్య దూరం కూడా సగమైపోయింది. నిజమైన అలకు మన గ్రిడ్ కొలతతో పనిలేదు కదా! పొడవైన అల సాగేకొద్దీ దాని ముందుభాగం నిటారవుతుంది. నీటి నిలువు త్వరణం దాన్ని చెదరగొడుతుంది. ఆ రెండూ సరితూగితేనే ఆకారం మారకుండా సాగే ఒంటి అల నిలుస్తుంది. హైడ్రోస్టాటిక్ సమీకరణాల్లో ఆ నిలువు త్వరణమే ఉండదు. అప్పుడు ముందుభాగం గ్రిడ్ గడంత నిటారై, గణనలోని దోషమే అలను చెదరగొట్టే పని తీసుకుంటుంది. నేను మురిసిపోయింది ఆ దోషాన్ని చూసి. ఎంఐటీజీసీఎం (ఎంఐటీ వారి సముద్ర ప్రవాహాల మోడల్) వంటి దాన్ని నాన్‌హైడ్రోస్టాటిక్‌గా, అంటే నిలువు త్వరణాన్ని కూడా లెక్కించేలా, నడపండి. గ్రిడ్ గడి పై పొర మందం కన్నా చిన్నదిగా ఉండాలి. కంప్యూటర్‌కు భారమైతే జలసంధి పొడవునా ఒక నిలువు కోతతో (పొడవు, లోతు మాత్రమే ఉండే రెండు కొలతల లెక్కతో) మొదలుపెట్టండి.

పోలికకు ఆకారం కన్నా వేగం నమ్మదగినది. పై పొర 100, కింది పొర 400 మీటర్లు, సాంద్రతల తేడా ఘనమీటరుకు 2 కిలోలు అనుకుంటే వేగం సెకనుకు దాదాపు 1.2 మీటర్లు; అంటే 12 గంటల 25 నిమిషాల ఒక పోటు కాలంలో 54 కిలోమీటర్లు. తూర్పుకు పోయే పై ప్రవాహపు వేగాన్ని దీనికి కలపాలి. ఒకే చిత్రంలో వరుసగా రెండు పోట్ల అలలు కనిపిస్తే, వాటి మధ్య దూరమే మీకు కొలబద్ద. గాలి మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా గీతలు కనిపించవు. గీత లేనంత మాత్రాన అల లేదనుకోవద్దు.

ముందు గ్రిడ్‌ను సగం చేసి మళ్లీ నడపండి. వచ్చిన దూరాలతో పాటు చిత్రం తీసిన తేదీ, సమయం ఇక్కడ రాస్తే, ఆ రోజు పోటు వేళతో మీ మోడల్ గడియారం కలుస్తుందో లేదో చూసి చెబుతాను.