ముందు గ్లవ్స్ సైజు అడుగు

ప్రశ్న: మేడమ్, మాది నెల్లూరు దగ్గర పల్లె. చెన్నైలో హౌస్ సర్జన్‌ని. సర్జరీ పోస్టింగ్ మొదలైనప్పటి నుంచి మనసంతా ఆపరేషన్ థియేటర్ (ఓటీ)లోనే ఉంటోంది, కానీ మా యూనిట్‌లో పీజీలూ సార్లూ అందరూ మగవాళ్ళే. వాళ్ళు డాక్టర్ల గదిలో, నేను సిస్టర్ల గదిలో బట్టలు మార్చుకుంటాం. నేను వచ్చేసరికి కేసు గురించి మాటలన్నీ అయిపోయి ఉంటాయి. తమిళంలో జోకులేసుకుంటే సగం అర్థం కాకపోయినా నేనూ ఊరికే నవ్వుతాను. "గైనిక్ తీసుకోమ్మా, పెళ్ళయ్యాక ఇబ్బంది ఉండదు" అని అందరూ చెప్పేవాళ్ళే. ఇది నా చోటు కాదేమో?
– పేరు రాయొద్దు, చెన్నై

జవాబు: ముందు ఆ గైనిక్ సంగతి. సిజేరియన్ ఆపరేషన్ కాదా ఏం? రాత్రి రెండింటికి లేబర్ రూమ్ చూసినవాళ్ళెవరూ ఆ సలహా ఇవ్వరు. ఇష్టమైతే తీసుకో, తేలికని మాత్రం వద్దు.

నేనూ ఏళ్ళ తరబడి సిస్టర్ల గదిలోనే మార్చుకున్నాను. నాకు 6 సైజు గ్లవ్స్ సరిపోతాయి, ఓటీలో ఎప్పుడూ 7, 7.5లే ఉండేవి, వేళ్ళ చివర రబ్బరు వేలాడుతూ ముడి వేసిన ప్రతిసారీ దారంలో ఇరుక్కునేది, మా చీఫ్ "చెయ్యి నెమ్మది" అనేవారు, నేనూ నిజమే కాబోలనుకుని ఇంటికెళ్ళి కుర్చీ కాలికి దారం కట్టి ముడులు వేసుకుంటూ కూర్చునేదాన్ని. ఓ రోజు ఒక పెద్ద సిస్టర్ ఎక్కణ్ణుంచో 6 సైజు తెచ్చి ట్రేలో పెట్టింది. ఆ రోజు చీఫ్ ఏమీ అనలేదు. (మెచ్చుకోనూ లేదు, అది వేరే సంగతి.)

నీ దిగుల్లో గది వల్ల వచ్చిందెంత, భాష వల్ల వచ్చిందెంత, నిజంగా సర్జరీ వల్ల వచ్చిందెంత, విడదీసి చూసుకో. ఆసియాలోని తొలి మహిళా న్యూరోసర్జన్లలో ఒకరైన డాక్టర్ టి.ఎస్. కనక 1968లో న్యూరోసర్జరీలో పై డిగ్రీ ఎం.సిహెచ్. చేసింది నువ్వున్న ఊళ్ళోనే. ఆ పేరు తలచుకుంటే ధైర్యమొస్తుంది గానీ గది రాదు కదా, అందుకని ముందురోజు రాత్రే పీజీని అడిగి ఓటీ లిస్టు చదివి వెళ్ళు. చేతులు కడుక్కోకముందే గ్లవ్స్ సైజు చెప్పు, టేబుల్ ఎత్తయితే స్టూలు అడుగు. జోకు అర్థం కాకపోతే నవ్వకు, "పురియల" (అర్థం కాలేదు) అను, ఎవరో ఒకరు విడమరిచి చెప్తారు.

సర్జరీలో పీజీ, అంటే ఎం.ఎస్., మూడేళ్ళు. సీటు ఎంచుకునే ముందు అక్కడ సెకండియర్ చదివే అమ్మాయికి ఫోన్ చేసి, మొదటి ఏడాది తన చేత్తో ఎన్ని కేసులు చేయనిచ్చారో, ప్రసూతి సెలవు తీసుకున్నవాళ్ళు తిరిగొచ్చి పూర్తి చేశారో లేదో అడుగు. ఆ అమ్మాయి నీళ్ళు నమిలితే లిస్టులో ఆ కాలేజీని కిందికి దించు, సర్జరీని కాదు. ఇంట్లోవాళ్ళతో వాదనంటావా, నీట్ పీజీ ర్యాంకు వచ్చాక పెట్టుకోవచ్చు.