ఏ పుస్తకం తెరిచినా అందులోని లోపం నాదే అనిపిస్తోంది

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. నా వయసు 43. మావారు రొయ్యల గుంటల దగ్గరే ఎక్కువగా ఉంటారు, ఇంట్లో నేనూ అత్తమ్మా ఉంటాం. అమ్మాయిని ఇంటర్‌కు విజయవాడ హాస్టల్లో చేర్చినప్పటి నుంచి వ్యక్తిత్వ వికాసం, మనస్తత్వం మీద పుస్తకాలు తెప్పించుకుని చదువుతున్నాను, రాత్రిళ్లు డైరీ రాస్తున్నాను. మొదట్లో హాయిగా ఉండేది. ఇప్పుడు ఏ పుస్తకం తెరిచినా అందులో చెప్పిన లోపం నాకే ఉందనిపిస్తోంది. మొన్న మావారు నా డైరీ చదివి, 'ఇవన్నీ చదివి బుర్ర పాడుచేసుకుంటున్నావు, ఆపెయ్' అన్నారు. మానెయ్యమంటారా?

జవాబు: సోదరీ, చదవడం మానవద్దు, రాయడమూ మానవద్దు. అయితే ఆ రెండూ చేసే తీరు మాత్రం మార్చుకోవాలి.

మనస్తత్వం గురించి రాసిన పుస్తకాల్లో కనిపించే లక్షణాలు, అంటే భయం, అనుమానం, అలక, ఒంటరితనం వంటివి, ఎంతో కొంత ప్రతి మనిషిలోనూ ఉంటాయి. వైద్య విద్యార్థులు కూడా రోగాల గురించి కొత్తగా చదువుతున్న రోజుల్లో ఆ రోగం తమకే వచ్చిందేమోనని హడలిపోవడం అందరికీ తెలిసిన సంగతే. ఒక లక్షణం జబ్బు అవునో కాదో తేలాలంటే అది ఎన్నాళ్లుగా ఉంది, ఎంత తీవ్రంగా ఉంది, రోజువారీ పనులకు ఎంత అడ్డుపడుతోంది అన్నవి చూడాలి. అది వైద్యుడు ఎదురుగా కూర్చుని అడిగి తెలుసుకోవలసిన విషయం, పుస్తకం మిమ్మల్ని చూసి చెప్పలేదు. కాబట్టి అటువంటి పుస్తకాలను కొన్నాళ్లు పక్కన పెట్టండి.

మీరు ఉత్తరంతో పాటు పంపిన డైరీ పేజీలను శ్రద్ధగా చదివాను. 'నేను ఎవరికీ అక్కర్లేదు', 'తల్లిగా నేను ఓడిపోయాను', 'నాది అతుక్కుపోయే మనస్తత్వం' అని వరసగా తీర్పులే ఉన్నాయి తప్ప, ఆ రోజు అసలేం జరిగిందో ఎక్కడా లేదు. పేజీ చివర, మార్జిన్‌లో మాత్రం చిన్నగా 'ఫోను, టెస్టు ఉందంది' అని రాసుకున్నారు. నా దృష్టిలో ఆ పేజీ మొత్తంలో విలువైన మాట అదొక్కటే. దాన్ని విప్పి రాసి చూడండి. ఆదివారం హాస్టల్లో ఫోను ఇచ్చే వేళ కోసం పొద్దుటి నుంచి ఎదురుచూశారా? అమ్మాయి ఎంతసేపు మాట్లాడింది? ఫోను పెట్టేశాక మీరు ఏం చేశారు, అన్నం తిన్నారా, అత్తమ్మ ఏదో అడిగితే విసుక్కున్నారా? గుండె బరువెక్కిందా, కోపం వచ్చిందా? ఇవన్నీ జరిగినవి జరిగినట్టు రాసిన తర్వాత, వాటి కింద 'నేను ఎవరికీ అక్కర్లేదు' అన్న వాక్యం నిలుస్తుందేమో మీరే చూడండి. నాకైతే అక్కడ వేరే విషయం కనిపిస్తోంది. అమ్మాయి పుట్టింది మొదలు మీ రోజంతా ఆమె బడి, తిండి, చదువు చుట్టూ తిరిగింది. ఆ పని ఒక్కసారిగా ఆగిపోయింది, ఆ ఖాళీ ఇంకా నిండలేదు. ఇది దిగులే తప్ప మీ మనస్తత్వంలోని లోపం కాదు.

అమెరికాలో పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, 1986లో ప్రచురించిన ప్రయోగంలో, కళాశాల విద్యార్థుల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున తమను బాధించిన సంఘటనల గురించి రాయించారు. సంఘటననూ దానివల్ల కలిగిన బాధనూ కలిపి రాసినవారికి రాసిన వెంటనే మనసు మరింత కలత చెందింది, కానీ తర్వాతి నెలల్లో వారు వైద్యుడి దగ్గరకు వెళ్లవలసిన అవసరం తగ్గింది. రోజులు గడిచేకొద్దీ 'అందువల్ల', 'ఇప్పుడు అర్థమవుతోంది' వంటి మాటలు ఎవరి రాతలో పెరిగాయో వారికే ఎక్కువ మేలు జరిగిందని ఆయన బృందం తర్వాత గమనించింది. మీ డైరీలో నెలలు గడిచినా అవే వాక్యాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. ఆత్మపరిశీలనకూ కుమిలిపోవడానికీ తేడా అక్కడే ఉంది. అందుచేత రాసే సమయాన్ని పావుగంటకు పరిమితం చేసుకోండి. పడుకునే ముందు కాకుండా సాయంత్రం వెలుగుండగా రాయండి.

చదవడానికి ఇప్పుడు కథలు, నవలలు ఎంచుకోండి. అందులో ఒక మనిషి ఎందుకలా ప్రవర్తించిందో ఓపికగా చూస్తారు, ఆమెకు ఏ జబ్బు పేరూ పెట్టరు. ఆ ఓపిక మెల్లగా మీ మీద మీకూ అలవడుతుంది. ఎక్కడ చదవడం ఆపి ఆలోచనలో పడ్డారో ఆ పేజీ నంబరు రాసిపెట్టుకోండి, ఆ రోజు డైరీ అక్కడి నుంచి మొదలుపెట్టండి. 1918లోనే వేటపాలెం వంటి చిన్న ఊళ్లో సారస్వత నికేతనం అనే గ్రంథాలయం వెలసిన ప్రాంతం మనది, పుస్తకానికి కొరత లేదు. వీలైతే కావలి వెళ్లినప్పుడు గ్రంథాలయంలో కాసేపు కూర్చుని రండి, ఇంట్లో నుంచి అడుగు బయట పెట్టడమూ మీకు అవసరమే.

ఇక మీవారి విషయం. అడగకుండా డైరీ చదవడం తప్పే. అయితే 'నేను ఎవరికీ అక్కర్లేదు' అని భార్య రాసుకున్నది చదివిన మనిషి భయపడి ఉంటారు, ఆ భయమే కసురుకోవడంగా బయటికి వచ్చి ఉంటుంది. ఆయన గుంటల దగ్గర నుంచి వచ్చి స్థిమితంగా ఉన్న రోజు చూసి, 'ఇది నా కోసం రాసుకునేది. నా సంగతి తెలుసుకోవాలంటే నన్నే అడగండి, చెబుతాను' అనండి. ఆ ఆదివారం జరిగింది కూడా మీ నోటితోనే చెప్పండి.

నిద్ర మధ్యలో మెలకువ వచ్చేస్తోందని కూడా రాశారు. దిగులు, నిద్రలేమి, ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ ఉంటే మానసిక వైద్యుణ్ణి కలవడం ఆలస్యం చేయవద్దు. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకుండా ఇంట్లోవాళ్లకు చెప్పండి, వెంటనే 14416 నంబరుకు ఫోను చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్ సేవ, రాత్రీ పగలూ ఉచితంగా తెలుగులోనే మాట్లాడవచ్చు.