ఇంట్లో సైకిల్ తొక్కడానికి 60 వేలు పెట్టవచ్చా?

ప్రశ్న: నా వయసు 41. హనుమకొండలో ప్రైవేటు కళాశాల అధ్యాపకుడిని. జీతం 52,000 రూపాయలు. గృహరుణం వాయిదా 17,000, ఇంటి ఖర్చు 24,000, 20 నెలల లక్ష రూపాయల చిట్టీకి 5,000 పోగా నెలకు 6,000 మిగులుతున్నాయి. బ్యాంకులో 45,000 ఉన్నాయి. మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్షలో 6.1 రావడంతో డాక్టరు గారు రోజూ సైకిల్ తొక్కమన్నారు. తెల్లవారుజామున భద్రకాళి బండ్ వైపు వెళ్తే కుక్కలు వెంటపడుతున్నాయి, ఆలస్యమైతే ఎండ. నా ఏడు గేర్ల మౌంటెన్ బైక్ (ఎంటీబీ)ను ఇంట్లోనే ట్రైనర్ అనే స్టాండుపై కదలకుండా నిలబెట్టి తొక్కాలనుకుంటున్నాను. యాప్‌తో పనిచేసే 60,000 స్మార్ట్ ట్రైనర్‌ను నో కాస్ట్ ఈఎంఐలో తీసుకోవాలా, ఈ ఆరో నెలలో చిట్టీ పాడి (పాట 22,000 దాకా పోతోంది) కొనాలా, 9,000 మ్యాగ్నెటిక్ ట్రైనర్‌తో సరిపెట్టుకోవాలా? మాది మూడో అంతస్తు ఫ్లాటు.

జవాబు: 9,000 రూపాయల ట్రైనరే కొనండి, అదీ నగదుతో. దీన్ని సరిపెట్టుకోవడంగా భావించనవసరం లేదు. మీ సైకిల్‌కు నప్పేది కూడా అదే.

ముందుగా ఈఎంఐ సంగతి. సున్నా వడ్డీ పథకాలను రిజర్వు బ్యాంకు 2013లోనే తప్పుపట్టింది. కాబట్టి నో కాస్ట్ పేరుతో వచ్చే పథకంలో వడ్డీ ఉంటుంది; ఆ మేరకు ధరలో ముందే తగ్గింపు చూపిస్తారు, అంతే. 15 శాతం వడ్డీ అనుకుంటే 60,000కు ఏడాదిలో సుమారు 4,600 వడ్డీ అవుతుంది. అది ఆ తగ్గింపుతో సరిపోయినా, క్రెడిట్ కార్డు ఈఎంఐ అయితే దానిపై 18 శాతం జీఎస్టీ కింద 830 రూపాయల దాకా, ఆపైన ప్రాసెసింగ్ ఫీజు మీ చేతి నుంచే పోతాయి. ఆ మొత్తం పెద్దది కాదు గాని, నెలకు 5,000 వాయిదా మీ 6,000 మిగులును దాదాపుగా మింగేస్తుంది. ఏడాది పొడవునా ఇంట్లో ఏ చిన్న అవసరం వచ్చినా 45,000 లోంచే తీయవలసి వస్తుంది.

చిట్టీ పాడటం ఇంకా ఖరీదైన దారి. పాట 22,000 దాకా పోతోందని రాశారు, అంటే చేతికి 78,000 వస్తుంది. చివరిదాకా ఆగితే, మీ సంస్థ 5 శాతం కమీషన్ పోను (2019 సవరణ తర్వాత చట్టం 7 శాతం వరకూ అనుమతిస్తోంది) 95,000 వస్తుంది. 14 నెలలు ముందుగా తీసుకున్నందుకు 17,000 వదులుకుంటున్నారన్న మాట. పిల్ల పెళ్లికో ఆసుపత్రికో అయితే ఆ నష్టానికి ఒప్పుకోవచ్చు, వ్యాయామ పరికరానికి మాత్రం వద్దు. ఆ 95,000కు బ్యాంకులోని 45,000 కలిస్తే, వాయిదా, ఇంటి ఖర్చు కలిపి నెలకు 41,000 చొప్పున మూడు నెలల అత్యవసర నిధి మీకు సమకూరుతుంది.

ఇక యంత్రం విషయం. మీరు చూసిన స్మార్ట్ ట్రైనర్ డైరెక్ట్ డ్రైవ్ రకమైతే, సైకిల్ వెనుక చక్రాన్ని తీసేసి, ట్రైనర్‌కే బిగించి ఉన్న క్యాసెట్ (గేర్ల పళ్ల చక్రాల గుత్తి) మీదికి చైన్‌ను ఎక్కించాలి. ఏడు గేర్ల సైకిళ్లలో చాలావాటికి ఉండేది చక్రం మధ్యనుండే హబ్‌కు మరతో బిగించే ఫ్రీవీల్. దాన్ని తీసి ట్రైనర్‌కు పెట్టడం కుదరదు, వేరే క్యాసెట్, స్పేసర్లు (ఖాళీ నింపే రింగులు) కొని గేర్లు సరిచేయించుకోవాలి. పైగా స్మార్ట్ ట్రైనర్‌తో కలిపి వాడే జ్విఫ్ట్ వంటి యాప్ చందా నెలకు 20 డాలర్ల చొప్పున ఏడాదికి 20,000 రూపాయలు దాటుతుంది. అది మ్యాగ్నెటిక్ ట్రైనర్ ధరకు రెట్టింపు కన్నా ఎక్కువ!

మ్యాగ్నెటిక్ ట్రైనర్‌లో వెనుక చక్రం అలాగే ఉండి రోలర్‌కు ఆనుకుని తిరుగుతుంది, అయస్కాంతాలు దానికి బిగువునిస్తాయి. దీనికీ కొసరు ఖర్చులున్నాయి. ఎంటీబీ టైరు గట్లు రోలర్ మీద గుర్రుమంటాయి. మూడో అంతస్తులో ఆ చప్పుడు, అదురు కింది ఇంటివాళ్ల నెత్తినే పడతాయి గనుక నున్నటి టైరు, మందపాటి రబ్బరు చాప తప్పవు. ఇంట్లో ఎదురుగాలి ఉండదు కాబట్టి ఫ్యాన్ ఎదురుగా ఉండాలి, కారిన చెమటను హ్యాండిల్ మీద నుంచి వెంటనే తుడవాలి. లేకుంటే బోల్టులు తుప్పు పడతాయి. అన్నీ కలిపి 12,000 దాటనివ్వకండి. రెండు నెలల మిగులుతో అది తీరిపోతుంది.

మీరు అడగని మాట ఒకటి. ఉత్తరంలో ఆరోగ్య బీమా ప్రస్తావన లేదు. 6.1 అంటే మధుమేహం అంచున ఉన్నట్టు. నిర్ధారణ అయ్యాక పాలసీ దొరకడం కష్టం కావచ్చు, ప్రీమియమూ పెరగవచ్చు. మూడో నెల నుంచి మిగిలే 6,000ను మొదట కుటుంబ పాలసీకి కేటాయించండి. దరఖాస్తులో ఆ 6.1ను దాచకుండా రాయండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం (వాటి ఖర్చు ఇవ్వని వ్యవధి) 2024 నుంచి గరిష్ఠంగా మూడేళ్లే. దాచిపెడితే మాత్రం క్లెయిమ్ నాడు చిక్కు వస్తుంది.

స్మార్ట్ ట్రైనర్ కోరికను చంపుకోమనడం లేదు. చిట్టీ ముగిసేనాటికి మీ నున్నటి టైరు నడిమి భాగం అరిగి చదునైపోయి ఉంటే, అప్పుడు మళ్లీ రాయండి, లెక్క వేద్దాం. ఈలోగా దుకాణానికి వెళ్లే ముందు వెనుక ఇరుసు చూసుకోండి: చేత్తో విప్పే క్విక్ రిలీజ్ మీట కాక స్పానర్‌తో విప్పే నట్లు ఉంటే, వాటికి సరిపడే అడాప్టర్ ఇస్తేనే డబ్బు కట్టండి.