ఉగ్గాని గానీ దోసె గానీ

సందేహం: జట్టు తర్కాల (ఒక్కో వరుసకు కాక, వరుసల జట్టు మొత్తానికి నిజం, అబద్ధం చూసే తర్కాలు) గురించి పిల్లలకు తెలుగులో పాఠం రాస్తున్నాను. వాటిలో 'ఆర్' (ఇంగ్లిష్ or) రెండు రకాలు. రెండింటికీ 'లేదా' అని రాస్తే తికమకగా ఉంది. ఒకదానికి 'గానీ' వాడొచ్చా?
– ఒక అధ్యాపకురాలు, అనంతపురం

సమాధానం: వాడొచ్చు గానీ, తికమక తీరదమ్మా.

'హాస్టల్ పిల్లలు ఉగ్గాని గానీ దోసె గానీ తిన్నారు' అన్నామనుకోండి. (ఉగ్గానిలోని 'గాని'కీ దీనికీ చుట్టరికం లేదు.) అందరూ ఒకే టిఫిన్ తిన్నారా, కొందరు ఇదీ కొందరు అదీ తిన్నారా? వాక్యం చెప్పదు. 'లేదా' పెట్టినా చెప్పదు. 'గానీ' ప్రతి మాట వెనకా వస్తుంది, 'లేదా' మధ్యలో ఒక్కసారి వస్తుంది, అంతే తేడా. 'ఉగ్గానో దోసో తిన్నారు' అంటే మాత్రం ఏది తిన్నారో చెప్పేవాడికే తెలియదని. 'ఎవరో', 'ఏదో'ల్లో ఉన్న 'ఓ' ఇదే. మీ పాఠానికి అది పనికిరాదు.

ఫిన్లాండ్ గణితవేత్త యౌకో వాననెన్ 2007లో పుస్తకం రాసిన ఆధార తర్కం జట్టు తర్కాల్లో ఒకటి. అందులో నిజం, అబద్ధం చూసేది ఒక్కో వరుసకు కాదు, మొత్తం పట్టికకు. హాస్టల్ రిజిస్టరే తీసుకోండి. 'రూమ్ చెబితే టిఫిన్ తెలిసిపోవాలి' అనే మాట (ఇలాంటిదే ఆధార వాక్యం) ఒక్క వరుస చూస్తే తేలదు కదా. అందుకే 'ఆర్' రెండయింది. ఒకటి, రిజిస్టరంతా ఇటో అటో ఉండాలి. దీనికి రెండుసార్లు చూస్తే చాలు. రెండోది, రిజిస్టర్‌ను ముక్కలు చేసుకుని ఒక ముక్క ఇటు, ఒక ముక్క అటు సరిపెట్టొచ్చు. టెన్షనంతా ఇక్కడే. 20 వరుసలను రెండు ముక్కలకు పంచడానికి 10,48,576 దారులు. అయినా ఇలాంటి ఆధార వాక్యాలు రెండే అయితే, దారులన్నీ తిరగకుండా త్వరగా తేల్చే పద్ధతి ఉంది. ఇంకో 'గానీ' చేర్చి మూడు ముక్కలు చేశారా, పని ఎన్‌పీ-కంప్లీట్ (త్వరగా తేల్చే పద్ధతి ఇంతవరకూ ఎవరికీ దొరకని లెక్కల కోవ) కావచ్చని తర్క పరిశోధకుడు యార్మో కొంటినెన్ నిరూపించాడు. ఎవరైనా పంచి చూపిస్తే సరిచూడటం తేలికే, పంచడమే కష్టం. వరుసలు ఆ ఇరవయ్యే అయినా దారులు 348 కోట్లు దాటతాయి.

కాబట్టి తేడాను 'గానీ', 'లేదా'ల నెత్తిన పెట్టకండి. మొదటిదాన్ని 'ఉమ్మడి లేదా' అనీ, రెండోదాన్ని 'చీల్చే లేదా' అనీ రాయండి. రెండోదాన్ని వివరించేటప్పుడు 'కొందరు ఇది, కొందరు అది' అని మాత్రం రాయొద్దు. 'కొందరు' అంటే తెలుగులో ఒకరిద్దరైనా ఉండాలి. అక్కడ ఒక ముక్క పూర్తిగా ఖాళీ అయినా లెక్క చెల్లుతుంది.