ఇల్లు అమ్ముడుపోవడం లేదు, రంగులు వేయించాలా? ధర తగ్గించాలా?

ప్రశ్న: హైదరాబాద్ కూకట్‌పల్లిలో మాకు 1,180 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ ఉంది. 2014 చివర్లో రిజిస్ట్రేషన్ ఖర్చులతో కలిపి 41 లక్షలు పడింది. ఇంకా 11 లక్షల లోన్ ఉంది. మా అమ్మాయి ఆగస్టులో ఎంఎస్‌కి అమెరికా వెళ్లాలి, అందుకే అమ్మకానికి పెట్టాం. పక్క వీధిలో కడుతున్న కొత్త అపార్ట్‌మెంట్‌లో అడుగు 7,600 అంటున్నారని మేమూ 90 లక్షలు చెబుతున్నాం. మా బ్లాక్‌లోనే పోయినేడాది ఒక ఫ్లాట్ 76కి పోయింది. నాలుగు నెలల్లో పదకొండు మంది వచ్చి చూశారు, ఒక్కరూ మళ్లీ ఫోన్ చేయలేదు. 6 లక్షలు పెట్టి మాడ్యులర్ కిచెన్, ఫాల్స్ సీలింగ్ చేయిస్తే మంచి ధర వస్తుందని బంధువులు, కాగితాల మీద 55 లక్షలు చూపించి మిగతాది నగదుగా తీసుకుంటే వెంటనే పార్టీ దొరుకుతుందని మధ్యవర్తి చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, పదకొండు మంది ఇంటిదాకా వచ్చారంటే మీ ఫ్లాట్‌కి గిరాకీ ఉంది. వచ్చినవాళ్లు కనీసం బేరం కూడా ఆడలేదంటే తేడా ధర దగ్గరే ఉంది.

ఒక్కసారి కొనేవాళ్ల వైపు కూర్చుని లెక్క వేద్దాం. మీరు ఎంత చెప్పినా, బ్యాంకు లోన్ ఇచ్చేది తన వాల్యుయర్ కట్టిన విలువ మీదే. ఆయన ముందు చూసేది మీ బ్లాక్‌లో జరిగిన రిజిస్ట్రేషన్లనే. 76 లక్షలు కట్టాడనుకోండి. 30 నుంచి 75 లక్షల మధ్య గృహరుణాలకు రిజర్వు బ్యాంకు పెట్టిన హద్దు విలువలో 80 శాతం, అంటే 60.8 లక్షలు. మీ ధర 90 అయితే మిగతా 29.2 లక్షలతో పాటు రిజిస్ట్రేషన్‌కి ఏడున్నర శాతం, అంటే 6.75 లక్షలు కూడా వాళ్లే తెచ్చుకోవాలి. మొత్తం 36 లక్షలు చేతిలో ఉండాలి. అదే 78కి ఇస్తే 23 లక్షలు చాలు. మధ్యతరగతి కుటుంబానికి ఆ 13 లక్షలే కొనడానికీ కొనలేకపోవడానికీ మధ్య తేడా. వాళ్లు ఫోన్ చేయకపోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

కొత్త అపార్ట్‌మెంట్‌తో పోల్చుకోకండి. అక్కడ లిఫ్టు, పార్కింగు, పవర్ బ్యాకప్ అన్నీ కొత్తవి. మీ బలాలు వేరు. కడుతున్న ఇంటికి 5 శాతం జీఎస్టీ ఉంది, మీ ఇంటికి అది లేదు. రేపే పాలు పొంగించుకోవచ్చు. ప్రకటనలో ఈ రెండూ ముందు రాయండి. ఆ పక్కనే యూడీఎస్ (అపార్ట్‌మెంట్ స్థలంలో మీ ఫ్లాట్‌కి వచ్చే వాటా) ఎన్ని గజాలో వేయండి, పాత అపార్ట్‌మెంట్ అనగానే అందరూ అడిగేది అదే. ధర 79.5 లక్షలు పెట్టండి. ఆన్‌లైన్‌లో 80 లోపు అని వెతికేవాళ్లకు అప్పుడే మీ ఇల్లు కనబడుతుంది. 77-78 దగ్గర తెగ్గొట్టండి.

ఇక ఆ 6 లక్షల ఖర్చు వద్దే వద్దు. మీకు నచ్చిన కిచెన్‌ని కొన్నవాళ్లు పీకేసి తమకు నచ్చింది పెట్టుకుంటారు. నా క్లయింటు ఒకరు ఫ్లాట్ కొనబోతే ఆయన వెంట నేనూ వెళ్లాను. హాలంతా కొత్త పెయింటు వాసన. మా క్లయింటు సీలింగు లైట్లు చూస్తుంటే, వాళ్ల నాన్నగారు మాత్రం నేరుగా బెడ్‌రూమ్‌లోకి వెళ్లి, బీరువా పక్కకు వంగి, బాత్‌రూమ్ వైపు గోడకు అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచారు. చెయ్యి తీసి లుంగీకి తుడుచుకుని, "పోదాం పదరా" అన్నారు. పుట్టీ కింద చెమ్మ అలాగే ఉంది. మీ ఇంట్లో అలాంటిది ఉంటే ముందు పైఫ్లాట్ వాళ్లతో మాట్లాడి లీకేజీ ఆపించండి. గోడ పూర్తిగా ఆరాకే రంగు వేయించండి. బాత్‌రూమ్ టైల్స్ సందులు పూడ్పించండి, కారే కుళాయిలు, బిగుసుకున్న తలుపులు బాగు చేయించండి, అటక మీది సామాను దింపేయండి. మొత్తం లక్ష దాటనివ్వకండి.

డబ్బు కన్నా ఓపిక పెట్టాల్సింది కాగితాల మీద. ఈసీ (ఆస్తి మీద ఉన్న లావాదేవీలు, తాకట్లు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం) తాజాగా తీయించండి, అందులో మీ బ్యాంకు తాకట్టు కనిపించొచ్చు. ఎంత బాకీ ఉందో, ఏయే ఒరిజినల్ పత్రాలు తమ దగ్గరున్నాయో బ్యాంకుతో రాయించుకోండి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనంలో నివసించొచ్చని మున్సిపల్ అధికారులు ఇచ్చే పత్రం), ఆస్తిపన్ను రసీదు, అసోసియేషన్‌కి బాకీలు లేవనే నో డ్యూస్ పత్రం ఒకే ఫైల్లో పెట్టండి. కరెంటు మీటరు ఇంకా బిల్డరు పేరు మీదే ఉందేమో చూడండి, చాలా ఇళ్లలో ఉంటుంది. లోన్ పూర్తిగా తీరిన 30 రోజుల్లో బ్యాంకు ఒరిజినల్స్ ఇవ్వాలి. తన వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున మీకు చెల్లించాలి.

మధ్యవర్తి చెప్పిన దారిలో దయచేసి వెళ్లకండి. ఆస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, ఆపైన నగదుగా తీసుకోవడం చట్టవిరుద్ధం. తీసుకున్నంత మొత్తం జరిమానాగా పడొచ్చు. 23 లక్షలు నగదు తీసుకుంటే 23 లక్షలూ పోవచ్చన్నమాట. పైగా అమ్మాయి ఫీజుకు, వీసాకు చూపించాల్సింది ఖాతాలో ఉన్న డబ్బు. బీరువాలోని కట్టలు అక్కడ ఎందుకూ పనికిరావు.

పన్ను గురించి మీరు అడగలేదు కానీ, దాన్ని తప్పించుకోవాలనే చాలామంది నగదుకు ఒప్పుకుంటారు. అంత భయం అక్కర్లేదు. 2024 జూలై 23కి ముందు కొన్న ఇల్లు కాబట్టి, ఇక్కడే నివసిస్తున్న మీకు రెండు పద్ధతుల్లో ఏది తక్కువైతే అదే వర్తిస్తుంది. 78 లక్షలకు అమ్మితే నేరుగా వచ్చే లాభం 37 లక్షల మీద 12.5 శాతం, అంటే 4.62 లక్షలు. రెండో పద్ధతిలో ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ఖర్చును పెంచి లెక్కిస్తారు. అందుకు వాడే ద్రవ్యోల్బణ సూచీ 2014-15లో 240, 2025-26లో 376. ఆ లెక్కన మీ కొనుగోలు ఖర్చు 64.2 లక్షలవుతుంది, మిగిలిన లాభం మీద 20 శాతం కడితే సుమారు 2.75 లక్షలు, సెస్సు అదనం. కొన్నవాళ్లు మీకిచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ (ముందుగానే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టుకుంటారు, అది రిటర్నులో సర్దుబాటవుతుంది.

ఒక పని మాత్రం ఈ వారమే మొదలుపెట్టండి. అమ్మాయి పేరు మీద చదువు రుణానికి దరఖాస్తు చేసి మంజూరు పత్రం తెచ్చుకోండి. వాడుకున్నంత మేరకే వడ్డీ పడుతుంది, ఇల్లు అమ్మాక తీర్చేయొచ్చు. అది చేతిలో ఉంటే, మీ తొందర కనిపెట్టి జూన్‌లో ఎవరైనా "68కి ఇస్తారా" అన్నప్పుడు ధైర్యంగా కుదరదని చెప్పగలరు.