14 స్పిన్ల ఐసింగ్ చైన్‌లో ఆర్ సగటు 0.42 దగ్గరే ఆగిపోతోందంటే

(ఐసింగ్ చైన్ అంటే పక్కపక్క స్పిన్లు ఒకదాన్నొకటి ప్రభావితం చేసే వరుస; ఆర్ అంటే శక్తి స్థాయిల మధ్య పక్కపక్క ఖాళీల్లో చిన్నదాన్ని పెద్దదాంతో భాగిస్తే వచ్చేది.) కేయాస్ ఉంటే 0.53 రావాలి కదా, ఎందుకు రావట్లేదని మీ ప్రశ్న. అద్దం సిమెట్రీ విడదీయలేదు, అంతే. మీరు పెట్టిన అయస్కాంత ఫీల్డ్‌లు (అడ్డంగా 0.9045, నిలువుగా 0.809) కేయాస్‌కి పేరున్నవే, వాటిని కదపకండి. ఓపెన్ చైన్‌ని ఎడమ కుడి తిరగేసినా హామిల్టోనియన్ (శక్తి మాట్రిక్స్) మారదు కదా, అందుకే ఈవెన్ లెవెల్స్ (తిరగేస్తే గుర్తు మారని స్థితులవి) ఆడ్ లెవెల్స్‌ని (గుర్తు మారేవాటివి) అసలు పట్టించుకోవు, రెంటినీ కలిపి సార్ట్ చేసేసరికి వికర్షణ (లెవెల్స్ ఒకదానికొకటి దూరంగా జరగడం) పలచబడి పాయిసన్ (లెవెల్స్ యాదృచ్ఛికంగా పడితే) 0.386కీ జీఓఈ (కేయాస్‌కి నమూనా అయిన యాదృచ్ఛిక మాట్రిక్స్‌లు) 0.53కీ మధ్యలో ఇరుక్కున్నారు.

1. ప్రతి బేసిస్ స్థితినీ (ఒక్కో స్పిన్ పైకో కిందకో ఉన్న అమరిక) దాని తిరగేసిన రూపంతో కలపండి, ప్లస్ అయితే ఈవెన్, మైనస్ అయితే ఆడ్.

2. అందరూ జారేది ఇక్కడే. "వికటకవి"లా ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే స్థితులు 128 ఉంటాయి, అవి ఈవెన్‌లోకే వెళ్తాయి, వాటిని మాత్రం రూట్ 2తో భాగించకూడదు (నాకు దీని మీదే రెండ్రోజులు పోయాయి). ఈవెన్ 8256, ఆడ్ 8128 రావాలి, రాకపోతే ముందుకెళ్లొద్దు.

3. ఈవెన్, ఆడ్ బ్లాక్‌లని ఒక్కోటి విడిగా డయాగనలైజ్ చేసి (అంటే శక్తి స్థాయిలు రాబట్టి), స్పెక్ట్రమ్ మధ్య సగమే తీసుకుని ఆర్ లెక్కేయండి. అన్‌ఫోల్డింగ్ (లెవెల్స్ సాంద్రతని సమం చేయడం) అక్కర్లేదు.

బద్ధకమైతే మొదటి స్పిన్ మీద ఫీల్డ్ కాస్త మార్చినా సిమెట్రీ పోతుంది, కాకపోతే 16384 సైజు మాట్రిక్స్ మొత్తం మోయాలి, దానికే 2 జీబీ పైన ర్యామ్.