జడల కుక్క మందకు కాపలా కాస్తుందా?

ప్రశ్న: మాకు 120 గొర్రెలున్నాయి. హైదరాబాద్‌లో మా బావమరిది పూలి జాతి మగ కుక్కను కొని, అపార్ట్‌మెంట్‌లో సాకలేక మాకిచ్చిండు. వయసు పది నెలలు. బొచ్చంతా జడలు కడుతోంది. దువ్వాలా, అట్లనే వదిలేయాలా? రాత్రి దొడ్డి దగ్గర వదిలితే తోడేళ్లను ఆపుతుందా?
– ఒక గొర్రెల కాపరి, దేవరకొండ మండలం, నల్లగొండ జిల్లా

జవాబు: ముందు తోడేళ్ల సంగతి. ఆపలేదు, రాత్రి ఒంటరిగా వదలకండి. పూలి హంగేరీ మైదానాల్లో మందను తోలే కుక్క. మగది 40–45 సెంటీమీటర్ల ఎత్తు, 13–15 కిలోల బరువు ఉంటుంది. అక్కడి కాపరులు పగలు గొర్రెలను మళ్లించడానికి దీన్ని, రాత్రి కావలికి కొమొండోర్ అనే తెల్లటి భారీ కుక్కను పెట్టుకునేవారు. రెండింటికీ జడలే కాబట్టి ఫోన్‌లో వీడియోలు చూసి ఒకటే అనుకుంటారు. దొడ్డి కావలికి మన ఊరకుక్క పిల్లలే మేలు. రెండు నెలల వయసులో రెండింటిని తెచ్చి గొర్రెల మధ్యనే పెంచండి. దొడ్డి చుట్టూ వల, రాత్రంతా ఒక లైటు కూడా ఉండాలి.

ఇక బొచ్చు. పైన గరుకు వెంట్రుక, లోపల మెత్తని ఉన్ని రెండూ పెనవేసుకుని జడలవుతాయి. ఊడిన ఉన్ని కింద రాలదు, జడలోనే చిక్కుకుంటుంది. సాధారణంగా మీ కుక్క వయసులోనే ఇది మొదలవుతుంది. జడలు నిలపాలంటే దువ్వకూడదు, చేత్తో మొదలు దాకా పాయలు విడదీస్తూ ఉండాలి. స్నానం చేయిస్తే ఆరడానికి ఒక రోజు పైనే పడుతుంది. లోపల తడి మిగిలితే బూజు పట్టి, వాసన వచ్చి, చర్మం చెడుతుంది. పైగా పల్లేరు కాయలు, ఉత్తరేణి గింజలు ఇరుక్కుంటాయి. గోమార్లు లోపల చేరితే జ్వరం వచ్చే దాకా మనకు కనబడవు.

నా సలహా సూటిగా చెబుతాను: కత్తిరించండి. ఆ జడలు గడ్డకట్టే చలికి పుట్టినవి. మే నెల ఎండలో అది గొంగడి కప్పుకుని తిరిగినట్టే. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూనే వేడిని వదలాలి. అయితే చర్మం దాకా గొరగొద్దు, ఎండకు కాలుతుంది. అంగుళం మందం ఉంచండి. కళ్ల మీది బొచ్చు, కాలివేళ్ల మధ్య బొచ్చు తీసేయండి. జడలు పోయినంత మాత్రాన పనితనం పోదు, అది దాని బుర్రలో ఉంది. ఎండాకాలం పొద్దున, సాయంత్రమే మంద వెంట తిప్పండి. విపరీతంగా రొప్పుతూ, తూలుతూ ఉంటే నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, గాలి తగలనిచ్చి పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి.

పూలి చురుకైనది, మొరుగుడు ఎక్కువ, అవసరమైతే గొర్రెల వీపుల మీదుగా దూకుతుంది. మన గొర్రెలు కాపరి కేకకు నడిచేవి, దీన్ని చూస్తే బెదురుతాయి. మొదట తాడు కట్టి, అయిదారు గొర్రెలతోనే అలవాటు చేయండి. చూడి గొర్రెలను తరమనివ్వకండి, ఈసుకుపోతాయి (కడుపు పోతుంది). రోజంతా కట్టేస్తే మాత్రం విసుగెత్తి కరవడం నేర్చుకుంటుంది.

మీరు అడగకపోయినా ఒకటి గట్టిగా చెప్పాలి. చచ్చిన గొర్రె తలకాయ, కార్జం, ఊపిరితిత్తులు ఏ కుక్కకూ పచ్చిగా వేయకండి, లోతుగా పాతిపెట్టండి. కుక్క పేగుల్లోని బద్దెపురుగు గుడ్లు మలంతో మేతలో పడతాయి. అవి తిన్న గొర్రెకు మెదడులో నీటి తిత్తి పెరిగి, తల ఒక పక్కకు వాల్చి గుండ్రంగా తిరుగుతుంది. ఆ తలకాయ కుక్క తింటే పురుగు మళ్లీ మొదటికొస్తుంది. ఇంకో రకం బద్దెపురుగు వల్ల మనుషులకు కూడా కార్జంలో తిత్తులు వస్తాయి, కుక్కను ముట్టిన చేతులతో పిల్లలు అన్నం తినకుండా చూడండి. మూడు నెలలకోసారి ప్రాజిక్వాంటెల్ మాత్ర, 10 కిలోల బరువుకు 50 మిల్లీగ్రాముల చొప్పున, మీ దగ్గరున్న కుక్కలన్నిటికీ ఒకే రోజు వేయండి. గొర్రెలకు వాడే గోమార్ల మందు, నట్టల మందు అంచనాగా కుక్కకు పోయకండి, పశువైద్యుడు చెప్పిన మోతాదే వాడండి. రేబిస్ టీకా పడిందో లేదో మీ బావమరిదిని అడగండి. కార్డు లేకపోతే పడలేదనే లెక్క, ఈ వారమే వేయించండి, తర్వాత ఏటా వేయించాలి.